శనివారం దొంగ

మా బావ సదాశివ అబిడ్స్‌లో ప్యాంటు గుడ్డలు అమ్ముతాడు. పెళ్లికి ముందు నుంచీ అదే దుకాణం, అదే కౌంటరు. రెడీమేడ్ బట్టలు వచ్చి పై అంతస్తూ కింది అంతస్తూ ఆక్రమించుకున్నాక ఆయన్నీ ఆయన తాన్లనీ మెట్ల కిందికి తోసేశారు. ఆయన చలించలేదు. ఇక్కడైతే ఎండ తగలదు, బట్ట రంగు పోదు, మంచిదే అన్నాడు. ఏ ఇబ్బందినైనా గిరాకీకి లాభంగా చూపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆయన చేతిలో మోసపోయినవాళ్లు లేరు. కానీ ఒక ప్యాంటు కోసం వచ్చి, ఆయన మాటల్లో పడి మూడు ప్యాంట్లకు గుడ్డ కొనుక్కుపోయినవాళ్లు ఊరి నిండా ఉన్నారు. వాళ్లలో నేనొకణ్ని. ఆయన నాకు అంటగట్టిన బిస్కెట్ రంగు గుడ్డ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాన్ని కుట్టించుకునే ధైర్యం నాకింకా రాలేదు.

కౌంటరు దగ్గర ఆయనకొక నీతి ఉంది. దాన్ని నాకు టీ తాగినప్పుడల్లా బోధించేవాడు.

"గిరాకీ ఇంటోళ్లతోటి వచ్చిండనుకో, మనకు ఆయన తెల్వదు వెంకీ. ఆయనే ముందుగాల పలకరిస్తె పలకాలె. లేకుంటె పొద్దున వచ్చి పోయినోడైనా సరే, మనకు కొత్తోడే."

దీనికి ఆయన దగ్గరొక ఉదాహరణ కూడా ఉండేది. ఒక హెడ్‌మాస్టరు ఖరీదైన సూటు గుడ్డ కొని, ఇంట్లో సగం ధరే చెప్పాడట. భార్య మురిసిపోయి, అంత చవగ్గా వస్తే మా తమ్ముడికీ తీసుకుందామని మొగుణ్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. హెడ్‌మాస్టరు మొహం పాలిపోయింది. మా బావ ఆయన వంక కన్నెత్తి చూడకుండా, "గా రేటు మాల్ నిన్ననే అయిపోయిందమ్మా" అని, తమ్ముడికి వేరే గుడ్డ అమ్మి పంపాడు. అప్పటి నుంచి ఆ బడి మాస్టర్లంతా మెట్ల కిందికే వస్తారు.

"సంసారాలు మేం నిలబెడుతున్నం" అనేవాడు బావ. నాకు ఒళ్లు మండేది. అబద్ధాల మీద నిలబడే సంసారం ఎందుకు బావా అంటే, నీకు పెండ్లయి ఎన్నేండ్లయింది అని ఎదురడిగేవాడు. నాంపల్లిలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో బస్సు టిక్కెట్లు కొట్టుకునే నాకు ఇంత తత్త్వం ఎక్కడ అర్థమవుతుందని ఆయన ఉద్దేశం.

ఆయన భార్య అహల్య మా అక్క. నాంపల్లి స్టేషన్ వెనక సందులో వాళ్ల ఇల్లు. అక్క చాలా ఏళ్లుగా ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది. ఆమె చేతి గుత్తివంకాయ తిని, పెళ్లయి హాస్టల్ వదిలిపెట్టిన పిల్లలు కూడా ఫోన్ చేసి ఎలా వండాలో అడుగుతుంటారు. అక్కకు ఒకటే కోరిక. సొంతంగా కర్రీ పాయింట్ పెట్టాలి. సాయంత్రం ఆఫీసుల నుంచి ఇళ్లకు పోయేవాళ్లు రెండు కూరలు, ఒక పప్పు కట్టించుకుపోవాలి. బోర్డు మీద తన పేరుండాలి. కిందటేడు నుంచి జీతంలోంచి తీసి బ్యాంకులో వేస్తూ వచ్చింది. మొన్న కార్తీకంలో, రోడ్డు మీదికే ఒక మల్గీ, అంటే దుకాణం గది, ఖాళీ అయింది. దాని యజమాని వెంకటేశ్వర్లు గారు శనివారం సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇస్తే నీదేనమ్మా అన్నాడు. ఆ రోజు దాటితే మొబైల్ కవర్లు అమ్మేవాడికి ఇచ్చేస్తాడు. నాంపల్లిలో మొబైల్ కవర్లకు ఏం తక్కువైందో నాకైతే తెలియదు.

ఇక శనివారాల సంగతి. బావకు నాలుగేళ్ల కిందట షుగర్ వచ్చింది. డాక్టరు మందులిచ్చాడు, అక్క మొక్కుకుంది. శనివారం శనివారం మొగుడూ పెళ్లాలిద్దరూ వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక్క పూట భోజనం, రాత్రికి ఏదైనా పండు. మిగతా ఆరు రోజులు కూడా తీపి ముట్టేది లేదు. అక్క పొద్దున్నే ఆయన జేబులో చక్కెర లేని టీకి సరిపడా చిల్లర పెట్టి, సాయంత్రం మిగిలింది తీసుకునేది. వీధిలో అందరికీ చెప్పుకునేది కూడా, మా ఆయన మొండిఘటం, పట్టు పడితే విడిచిపెట్టడు అని. అలా చెప్పుకునేటప్పుడు ఆమె మొహం చూస్తే నాకే ముచ్చటేసేది.

ఆ శనివారం పొద్దున నేను సగం రోజు సెలవు పెట్టి అక్కతో గన్‌ఫౌండ్రీలో వాళ్ల బ్యాంకుకు వెళ్లాను. ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంది, కార్డు మాత్రం బావ జేబులో ఉంటుంది. అందుకని అక్క డబ్బు తీసుకునే కాగితం నింపి కౌంటర్లో ఇచ్చింది. అక్కడి మనిషి కంప్యూటర్ వంక చూసి, అక్క వంక చూసి, అంత లేదమ్మా అన్నాడు. మంచిగ చూడు బాబూ అంది అక్క. ఆయన మళ్లీ చూశాడు. అందులో ఉన్నది నెల కూరగాయలకు సరిపోదు.

అక్క పడిపోతుందేమోనని చేయి పట్టుకున్నాను. ఆమె పడిపోలేదు గానీ, చేతిలో సంచీని గుండెలకు అదుముకుని నిలబడిపోయింది. మమ్మల్ని లోపల స్నేహలత అనే ఆఫీసర్ దగ్గరికి పంపారు. చిన్న వయసే, నిదానమైన మనిషి. బ్యాంకుల్లో నాకు నచ్చే మనుషులు తక్కువ, ఈమె నచ్చింది. ఆమె ముందు కార్డు ఆపేసింది. అక్క చేత సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేయించి ఫిర్యాదు రాయించింది. ఆ తర్వాతే ఏమైందో చెప్పింది. కిందటి శనివారం నుంచి నాలుగైదు దఫాలుగా ఎవరో కార్డు నంబరుతో సైప్రస్‌లోని ఏదో ఆన్‌లైన్ ఆటల కంపెనీకి డబ్బు కట్టారు. ఆ కంపెనీకి కట్టడానికి ఓటీపీ కూడా అక్కర్లేదట.

"సార్‌ను పిలిపించండి. కార్డు ఆయన పేరు మీద ఉంది" అంది స్నేహలత.

బావ మెడలో టేపుతోనే ఉరికొచ్చాడు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు.

"సైప్రస్ నుంచి మీరేమన్న కొన్నరా సార్?"

"గది ఏడుంది మేడం?"

"సముద్రం అవతల సార్. ఆన్‌లైన్ ఆటలు."

"చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటకనే ఏడాదైతుంది మేడం. ఆటలంటరా, నాకు క్యారంబోర్డు గూడ రాదు."

"సరే సార్. మీరు చెయ్యలేదని రాసిస్తే బ్యాంకు పైసలు వాపసు ఇప్పిస్తది. అయితే మెసేజ్ వచ్చినంక ఎంత జల్ది చెప్తె అంత మంచిది. ఆలస్యమైన కొద్ది మీ మీద పడే వాటా పెరుగుతది. మొదటి మెసేజ్ పోయిన శనివారమే వచ్చింది గద, ఎందుకు చెప్పలే?"

బావ టేపును వేలికి చుట్టుకుంటూ, "ఏ మెసేజ్ రాలే మేడం" అన్నాడు.

"మా దగ్గర చేరినట్టే చూపిస్తుంది సార్."

"పాత ఫోన్ మేడం. ఒక్కోసారి తీస్కోదు."

"నాకు రోజు పొద్దున వాట్సాప్‌ల గులాబీ పువ్వులు పంపుతవు గద బావా, గవెట్ల పోతున్నయి" అన్నాను నేను. ఆయన నా వంక చూసిన చూపుకు, ఇంకో బిస్కెట్ రంగు గుడ్డ అంటగడతాడేమో అనిపించింది.

స్నేహలత వాదించలేదు. కంప్యూటర్ తెరను మా వైపు కొంచెం తిప్పి, ఇంకా మీవి కానివి ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, అన్నీ కలిపి రాద్దాం అంది. "మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ షాపు. ఇది మీదేనా?"

బావ నోరు తెరిచేలోపు అక్క నవ్వేసింది. అంత బాధలో కూడా ఆమెకు నవ్వొచ్చింది. "ఐస్‌క్రీమా. మా ఆయనకు షుగర్ మేడం. తీపి ముట్టి నాలుగేండ్లయింది."

"పోయిన శనివారం ఉంది. అంతకు ముందు శనివారం గూడ ఉంది. ఆ ముందు శనివారం..."

"శనివారమైతె అస్సలె కాదు. మా ఇంట్ల ఒక్కపొద్దు" అంది అక్క, గర్వంగా.

బావ చెవులు ఎర్రబడ్డాయి. నాకు అక్కడే విషయం తెలిసిపోయింది. సైప్రస్ దొంగ ఎవరో తెలియదు గానీ, ఈ దొంగ నా పక్కనే మెడలో టేపు వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గవి నావి కాదు మేడం" అన్నాడు.

స్నేహలత చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. "మంచిగ ఆలోచించి చెప్పండి సార్. సైప్రస్‌ది కార్డు నంబరుతోటి అయింది. ఇది గట్ల కాదు. కార్డును మిషన్ల పెట్టి, పిన్ కొట్టిన్రు. కార్డేమో మీ జేబుల ఉంది. మరి ఎవరో కొట్టిన్రంటె, కార్డు, పిన్ మీరే ఎవరికో ఇచ్చినట్టు. గప్పుడు తప్పు మీదైతది. సైప్రస్ పైసలు గూడ బ్యాంకు ఇయ్యదు."

"పిన్ మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెల్వదు" అంది అక్క. ఒక క్షణం ఆగి నా వైపు తిరిగింది. "అరేయ్ వెంకీ, నీకేమన్న చెప్పిండారా?"

బావ దొంగతనానికి నేను ముద్దాయిని కావడం నాకు కొత్త కాదు గానీ, బ్యాంకులో కావడం ఇదే మొదలు. లేదు అన్నాను పళ్లు కొరుకుతూ.

"నాలుగింటిదాక ఉంటం. ఏ సంగతో తేల్చుకుని రండి" అంది స్నేహలత. ఆమెకూ సగం అర్థమైందని నా అనుమానం. బావ లేచి, సోమవారం వద్దాం, దుకాణంలో సేటు ఎదురుచూస్తుంటాడు అన్నాడు.

"సోమవారం ఎందుకు? ఇయ్యాల శనివారమే గద" అంది అక్క. "గా దొంగ శనివారమే వస్తున్నడు. పోయి పట్టుకుందాం పాండి."

గన్‌ఫౌండ్రీ నుంచి మొజంజాహీ మార్కెట్ ఎంతో దూరం లేదు. అక్క ముందు నడిచింది. సంచీ చంకలో పెట్టుకుని, ట్రాఫిక్‌ను చేత్తో ఆపుతూ, పోలీసు జీపు దిగిన మనిషిలా నడిచింది. వెనక మేమిద్దరం. బావకు మోకాలు నొప్పి వచ్చింది. తర్వాత ఎండ తగిలింది. తర్వాత ఒక మందుల షాపు ముందు ఆగి, దుమ్ము ఎక్కువైందని చెప్పి మూతికి కట్టుకునే మాస్క్ కొన్నాడు.

"వెంకీ, నువ్వన్న జర ఆపురా మీ అక్కను" అన్నాడు మాస్క్ లోంచి.

"నేనెందుకు ఆపాలె. నువ్వే చెప్పు."

"చెప్తె ఏమైతది తెలుసా? వీధి వీధంత చెప్పుకున్నది నా గురించి. ఇగ నా మొహం చూస్తదా?"

"చెప్పకపోతె మల్గీ పోతది."

ఆయన మాస్క్‌ను కళ్ల దాకా లాక్కున్నాడు.

మార్కెట్ రాతి కట్టడం ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. సీతాఫలాల కాలం, జనం బాగానే ఉన్నారు. కౌంటర్ వెనక బాలరాజు అనే నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. పేరు అతని చొక్కా మీద ఉంది. మాస్క్ వేసుకున్నా సరే, మా బావను చూడగానే అతని చేయి దానంతటదే సీతాఫలం ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీసింది. రెండు కప్పులు కూడా అందుకుంది. అంతలో అతను మా బావ ముందు నడుస్తున్న అక్కను చూశాడు. కప్పులు కిందికి దిగాయి. మూత పడింది. అతను ఆ మూతను గుడ్డతో శ్రద్ధగా తుడవసాగాడు.

నాకు దుకాణం నీతి గుర్తొచ్చింది. ఇది అబిడ్స్‌కే పరిమితం కాదన్నమాట.

అక్క విషయమంతా చెప్పింది. మా కార్డుతో ఎవడో ప్రతి శనివారం ఇక్కడ తిని పోతున్నాడు, వాడు ఎలా ఉంటాడు అని అడిగింది. "ఇగో, ఈయన మా ఆయన. కార్డు ఈయనదే."

బాలరాజు మా బావను కింద నుంచి పైదాకా చూశాడు. "ఈ సార్‌ను నేనెప్పుడు చూడలే అమ్మా."

"ఈయన గాదు, గా దొంగోడు."

"గాడు పొడుగుంటడు అమ్మా. గడ్డం. ఎర్ర అంగి ఏస్తడు. మోటర్ సైకిల్ మీద వస్తడు." మా బావ పొట్టి. నున్నగా గీసుకుంటాడు. తెల్ల చొక్కా తప్ప వేయడు. సైకిల్ కూడా తొక్కలేడు. బాలరాజు ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ, ఒక్కొక్కటే తిరగేసి చెబుతున్నాడు. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత గొప్ప సేల్స్‌మన్‌ను ఆయన కూడా చూసి ఉండడు.

అక్క ఈలోపు గోడ మీది ధరల పట్టీ చూస్తోంది. "ఒక్క కప్పుకు గింతనే ఉంది. బ్యాంకుల చెప్పింది దీనికి డబల్. అంటె దొంగలు ఇద్దరన్నట్టు."

"లేదమ్మా, ఒక్కడే" అన్నాడు బాలరాజు. అబద్ధాల మధ్య నిజం జారిపోయిందని అతను గమనించుకోలేదు. "రెండు కప్పులు తీస్కుంటడు. ఒకటి తింటడు. ఇంకోటి ఎదురుంగ ఖాళీ కుర్చీ ముందట పెడ్తడు. కరిగేదాక గట్లనే చూస్తడు. కరిగినంక గది గూడ తాగుతడు. జర తిక్కలోడు అమ్మా."

అక్క మొహం మెత్తబడింది. "ఎవరో పోయినట్టున్నరు పాపం" అంది. వెంటనే మళ్లీ గట్టిపడింది. "పోతె పోయిన్రు, మా పైసల తోటి ఎందుకు? నువ్వు మాతోటి పోలీస్ స్టేషన్‌కు రావాలె. గిదే ముచ్చట గాడ చెప్పాలె."

"కౌంటర్ ఇడిసిపెట్టి ఎట్ల వస్త అమ్మా?"

"మా ఆయన నిలబడ్తడు. అమ్ముడు ఆయనకు కొత్త గాదు."

బాలరాజు మా బావ వంక దీనంగా చూశాడు. నేను చెయ్యగలిగింది చేశాను, ఇక నీ చేతిలో ఉంది సార్ అన్నట్టుంది ఆ చూపు. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ మోగింది. మల్గీ వెంకటేశ్వర్లు గారు. మొబైల్ కవర్లవాడు అడ్వాన్స్ తెచ్చి ఇంట్లో కూర్చున్నాడట, ఏం చెప్పమంటావమ్మా అని అడిగాడు.

"సాయంత్రందాక ఆగుండ్రి సార్. తెస్త" అంది అక్క. ఫోన్ పెట్టేసి అక్కడున్న కుర్చీలో కూర్చుంది. పొద్దున్నుంచీ ఒక్క బొట్టు కార్చని మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎన్నేండ్లు ఒకరి వంటింట్ల నిలబడి వండిన వెంకీ. బోర్డుకు ఏ రంగు ఏయాల్నో గూడ అనుకున్న. పసుపు మీద ఎరుపు. పోలీసోళ్లు ఎన్నడు పట్టాలె, బ్యాంకోళ్లు ఎన్నడు ఇయ్యాలె."

ఇక తమాషా చాలు, నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. మాస్క్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అహల్యా. పోలీసులు ఒద్దు. గా రెండు కప్పులు నావే."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. బాలరాజును చూసింది. అతను తల దించుకుని, "సార్ ఒప్పుకున్నంక ఇగ నాదేముంది" అన్నాడు.

"ఎన్ని రోజుల సంది?" అంది అక్క.

"షుగర్ వచ్చినప్పటి సంది. వారానికి ఒక్కపారి. గది గూడ పండుదే, అహల్యా. ఎండకాలం మామిడిపండు, ఇప్పుడు సీతాఫలం. ఒక్కపొద్దుల పండు తినొచ్చు గద."

దేవుణ్ని ఇంత దగ్గర నుంచి మోసం చేసినవాణ్ని నేను మళ్లీ చూడను.

"మరి మెసేజ్‌లు?" అంది అక్క.

"ఫోన్ టింగుమంటె నువ్వు చూస్తవని చూడకుంటనే తుడిచేస్తున్న. బ్యాంకు పేరుంటె చాలు, తుడిచేసుడే. గట్ల గా దొంగోడియి గూడ..." ఆయన మెడలో టేపును వేలికి చుట్టుకున్నాడు. "నీ మల్గీ పైసలు పోతుంటె నేనే తుడిచేసిన అహల్యా."

అక్క కొంగు వదిలేసి ఆయన వైపు తిరిగింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె మొగుణ్ని మీరు అనే పిలిచింది. నేను ఇంకోలా వినలేదు.

"రెండో కప్పు ఎవరికి పెడ్తున్నవ్ నువ్వు?" అంది.

"నీకు."

"నాకా?"

"నిన్ను ఇడిసిపెట్టి ఒక్కన్నే తినుడు మనసొప్పలే. నువ్వు ఇంట్ల అరటిపండు తిని పండుకుంటవ్, నేను గీడ... అందుకని నీ పేరు మీద గూడ ఒకటి చెప్తున్న. ఎదురుంగ పెట్టుకుంట. ఇంటికి తెస్తె దొరికిపోత. పారేద్దామంటె నీ పేరు మీద చెప్పింది, ఎట్ల పారేస్త?"

"అందుకని?"

"అందుకని నేనే తింటున్న."

"నాలుగేండ్ల సంది" అంది అక్క నెమ్మదిగా, "నా కప్పు గూడ నువ్వే తింటున్నవ్."

పక్క కుర్చీల్లో వాళ్లు తినడం ఆపేశారు. బాలరాజు ఆ మూతను మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. అక్క లేచి, సంచీ చంకలో పెట్టుకుని, "బ్యాంకు నాలుగింటికి మూస్తరు" అని బయల్దేరింది.

స్నేహలత మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. ఐస్‌క్రీమ్ నాదే అని బావ చెప్పగానే తలూపి, వివరణ టైపు చేసింది. తర్వాత, సంతకానికి ముందు చదివి వినిపించడం పద్ధతి అంటూ మొదలుపెట్టింది. ఆ పద్ధతి బ్యాంకుదో ఆమెదో నాకు తెలియదు. మొజంజాహీ మార్కెట్‌లో ప్రతి శనివారం రెండు కప్పుల ఐస్‌క్రీమ్ తిన్నది తానేననీ, ఆ సంగతి భార్యకు తెలియకూడదని బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లన్నీ చదవకుండా తుడిచేస్తూ వచ్చాననీ, ఆ కారణంగానే సైప్రస్ లావాదేవీలను సకాలంలో గమనించలేదనీ స్పష్టమైన గొంతుతో చదివింది. వెనక పాస్‌బుక్కులు పట్టుకుని నిలబడ్డ వరుసంతా నిశ్శబ్దంగా విన్నది. వాళ్లలో ఒక పెద్దాయన గబుక్కున తన ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకోవడం మొదలుపెట్టాడు. బావ సంతకం పెట్టాడు. ఖాతా ఇద్దరిదీ కాబట్టి అక్క కూడా పెట్టింది, కాగితం చిరిగేంత గట్టిగా.

ఇక ముందు మెసేజ్‌లు ఏ నంబరుకు పంపమంటారు అని అడిగితే, అక్క తన నంబరు చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె ఒక్కతే వెంకటేశ్వర్లు గారి ఇంటికి వెళ్లింది. మొబైల్ కవర్లవాడి ముందే కథంతా చెప్పింది. ఏమీ దాచలేదు, కరిగిన కప్పు సంగతితో సహా. వెంకటేశ్వర్లు గారు పొట్ట పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆయనకూ షుగరేనని చెప్పి, బ్యాంకువాళ్లు డబ్బు ఇచ్చేదాకా ఆగుతాను, మల్గీ నీదే పొమ్మన్నాడు. మర్నాటికి వీధికంతా తెలిసిపోయింది. నా పరువు పోయి మీ అక్క మల్గీ నిలబడిందిరా అన్నాడు బావ నాతో. ఆ మాటలో బాధ ఎంతో, గొప్ప ఎంతో నేను విడదీయలేకపోయాను.

డబ్బు వచ్చింది. ఆలస్యానికి గాను కొంత కోత పడింది. ఆ కోతను బావ తన జీతం నుంచి భరించాడు. కొత్త కార్డు కూడా వచ్చింది, అది అక్క సంచీలో ఉంటోంది. అడ్వాన్స్ ఇచ్చి తాళంచెవి తీసుకున్న రోజు కూడా శనివారమే. మల్గీ చూసి ముగ్గురం బయటికి రాగానే, మార్కెట్ దాకా పోయొద్దాం అంది అక్క. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు.

బాలరాజు మమ్మల్ని చూశాడు. మా బావ వంక మాత్రం కన్నెత్తి చూడలేదు. "చెప్పండమ్మా" అన్నాడు, కొత్త గిరాకీతో అన్నట్టు.

"సీతాఫలం రెండు కప్పులు. మా తమ్మునికి ఒకటి వేరేగా" అంది అక్క.

కార్డు మిషన్లో పెట్టి పిన్ కొట్టింది. ఆమె ఫోన్ టింగుమంది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ మెసేజ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత కప్పులు రెండూ తీసుకెళ్లి, ఒకటి తన ముందు, ఒకటి ఎదురుగా పెట్టుకుంది. బావ ఎదుటి కుర్చీలో ఆశగా కూర్చున్నాడు. చెంచా కోసం చేయి కూడా చాచాడు.

"ఇయ్యాల ఒక్కపొద్దు గద అక్కా" అన్నాను నేను.

"పండే గదరా" అంది అక్క.

మొదటి కప్పు తాపీగా, అడుగు కనిపించేదాకా తిన్నది. ఎదురుగా ఉన్న కప్పు అంచుల్లో కరగడం మొదలైంది. బావ దాన్నే చూస్తున్నాడు. అక్క చేయి చాపి ఆ కప్పును తన వైపు లాక్కుంది.

"మరి నాకు?" అన్నాడు బావ.

"ఇది నీదే" అంది అక్క, చెంచా ముంచుతూ. "నీ పేరు మీదనే చెప్పిన."